ఎనిమిది ముందు, ఒకటి చివర

ఇంటి వెనక గది, కిటికీ పక్క బల్ల.

మా సిరాబుడ్డికి,

నాన్న దీవెనలు. ఒకటి కాదు, వంద తీసుకో. నీ పార్సిల్ అందిందమ్మా! పోస్టుమాన్ సంతకం పెట్టమంటే నా పేరు సగం రాసి, పార్సిల్ మీద నీ రాత చదువుతూ కూర్చున్నాను. "ఏంటి తాతా, కోర్టు నోటీసా?" అన్నాడు. "కాదయ్యా, నా కూతురు" అన్నాను. కూతురు పంపిన పార్సిలని చెప్పాలి కదా, నోట్లోంచి అంతే వచ్చింది.

నువ్వు ఇల్లు వదిలి పదిహేనేళ్ళు! మధ్యలో అమ్మ పోయినప్పుడు వచ్చి గుమ్మంలో నిలబడి అటునుంచి అటే వెళ్ళిపోయావు. తర్వాత నీ చేతిరాత చూడటం ఇదే. పార్సిల్ మీద నా పేరు నువ్వు రాసిన ముక్క కత్తిరించి అద్దం మూలన అంటించాను. గడ్డం గీసుకున్నప్పుడల్లా చదువుకుంటున్నాను.

పక్కింటి దర్జీ గుర్తున్నాడా? ఇంకా ఉన్నాడు, ఇంకా అరుస్తూనే ఉన్నాడు. పుస్తకాలు చూసి, "ఈ వయసులో బొమ్మల పుస్తకాలేంటయ్యా నీకు?" అన్నాడు. "నా కూతురు గీసింది. నీ కూతురేం గీసింది?" అన్నాను. "నా గుండెల మీద గీతలు" అన్నాడు. కాసేపు ఇద్దరం నవ్వుకున్నాం. ఆ తర్వాత వాడు కూడా కళ్ళజోడు తెచ్చుకుని పక్కనే కూర్చున్నాడనుకో.

నేను చదివింది ఏడో తరగతి. కానీ నలభై ఏళ్ళు పుస్తకాలు కుట్టినవాణ్ణి. పుస్తకం ముట్టుకుంటే చాలు, దాని ఆరోగ్యం చెప్తాను. నీవి ఎనిమిదీ పిన్నులు కొట్టిన పల్చటి పుస్తకాలు, పది చేతులు మారితే ఊడిపోతాయి. నా కూతురి పుస్తకాలు ఊడిపోతే నేను బైండరునెలా అవుతాను? అందుకే చదవకముందే పిన్నులు పీకేశాను. పైన ఎనిమిది, అడుగున ఒకటి పెట్టి కట్టారు, వరస తప్పారు పాపం. "ఎనిమిది ముందు, ఒకటి చివర" అని చీటీ కూడా ఉంది. అది పార్సిల్ కట్టేవాళ్ళకి రాసిందనుకున్నాను. ఒకటి నుంచి ఎనిమిది దాకా సరిగ్గా పేర్చి, దారంతో కుట్టి, వీధి చివర జిరాక్స్ షాపు మిషన్ మీద మూడు వైపులా చిటికెన వేలు వెడల్పున అంచులు కోయించాను. ఎర్ర గుడ్డ అట్ట వేశాను. అప్పుడు చదివాను.

ఏం కథ రాశావే! ఎర్రకోటు మనిషి, పేరు తెరిచేవాడు. చెయ్యి వేస్తే ఎంతటి తలుపయినా తెరుచుకుంటుంది. ఒకటో నంబరులోనే కాలిపోతున్న గోడౌను తలుపు మీద చెయ్యి వేస్తాడు. లోపలినుంచి ఒక కుర్రవాడు చొక్కా దులుపుకుంటూ బయటికొస్తాడు. వాడు మీ అన్నయ్యే కదూ? ఆ నడక నాకు తెలియదా? అక్కడ ఆగిపోయాను. దర్జీ నీళ్ళు తెచ్చిచ్చాడు. ఆ తెరిచేవాడికి నా ముక్కు పెట్టావు! దర్జీ కూడా ఒప్పుకున్నాడు, "నీ ముక్కే, అంత ముక్కు ఇంకెవరికుంటుంది" అని. రెండులో జనం అతన్ని భుజాల మీద మోస్తారు. మూడులో ఒక్క మాటా లేదు, అన్నీ తలుపులు తెరుచుకోవడమే. నాలుగులో కాగితానికి తాళంకప్ప కన్నంలాగా చిల్లు పెట్టి, దాన్లోంచి వెనక పేజీ కనిపించేలా చేశావు. ఆ చిల్లు ఎంత శుభ్రంగా కొట్టారమ్మా, ఏ ప్రెస్సు? అయిదుని అడ్డంగా తిప్పి చదవాలి, బస్సు స్టీరింగు తిప్పినట్టు తిప్పాం. ఆరు అంతా నలుపు, ఏడు నాకు సరిగ్గా అర్థం కాలేదు. ఎనిమిదిలో ముసలివాడై కుర్చీలో కూర్చుని, జేబులో చెయ్యి పెట్టుకుని, మూసిన తలుపుని చూస్తూ ఉంటాడు. బోలెడు పని చేశాడు, ఇక విశ్రాంతి తీసుకోనీ అనుకున్నాను.

ఒకటో నంబరు చివరి పేజీలో ఆరు గడులు ఖాళీగా ఉన్నాయి. ప్రెస్సువాళ్ళ పొరపాటైతే చెప్పు, నేను గట్టిగా మాట్లాడతాను.

అన్నయ్యని బతికించావు తల్లీ. నన్ను వీరుణ్ణి చేశావు. ఇంతకంటే ఒక ముసలాడికి ఏం కావాలి?

సంతోషంతో నిద్రపట్టని
నాన్న

*

మూడో అంతస్తు గది, కింద బోర్డులు రాసే షాపు.

నాన్నగారికి,

చీటీ పార్సిల్ కట్టేవాళ్ళకి రాయలేదు. మీకు రాశాను.

ఆ పుస్తకాలు ఎనిమిదితో మొదలై ఒకటితో అయిపోతాయి. అలాగే అచ్చయ్యాయి. రెండేళ్ళలో ముందు ఎనిమిది వచ్చింది, తర్వాత ఏడు, మొన్న చివరగా ఒకటి. నంబర్లు వెనక్కి నడుస్తాయి. దుకాణాల్లో చాలామంది మీలాగే సర్దుకుని చదివారు, వాళ్ళకి అది వీరుడి కథ. వాళ్ళని నేనేమీ అనలేదు. మీకు మాత్రం చీటీ పెట్టాను.

మీరు కోయించిన అంచుల్లో కింది అంచు మీద కూడా కథ ఉంది. ప్రతి పుస్తకం అడుగున, చీమంత బొమ్మ ఒకటి నడుస్తూ ఉంటుంది. చూడకుండా కోసేశారు.

దారం విప్పండి. జిరాక్స్ షాపువాళ్ళు ముక్కలు ఇంకా పారేయకపోతే తెచ్చుకోండి. ఎనిమిది ముందు, ఒకటి చివర. ఒక రోజుకి ఒకటే చదవండి. చదివి రాయండి.

మీ అమ్మాయి

*

వెనక గది. బల్లంతా జిగురు.

సిరాబుడ్డీ,

నాకు నేనే మొట్టికాయ వేసుకున్నాను. దర్జీ వచ్చి ఇంకోటి వేశాడు. "నలభై ఏళ్ళు బైండింగు చేశావు, పైన ఏ కాగితం ఉంటే అది మొదటిదని తెలియదా?" అని. బైండరుకి అదే కదా రోగం! ప్రెస్సు నుంచి వచ్చిన కట్ట ఎప్పుడూ తప్పుగానే వస్తుందని నమ్ముతాం. నంబరు చూస్తాం, పేర్చుతాం, అంచు కోస్తాం. లోపలేముందో చూడం. చూస్తే కూలి గిట్టదు.

ఇంతకీ నన్ను మీరు అని రాశావేంటే? చిన్నప్పుడు నువ్వు అనేదానివి, అరే నాన్నా అని కూడా అనేదానివి. సరేలే. పెద్దదానివయ్యావు.

జిరాక్స్ షాపులో గోనెసంచిలో ముక్కలున్నాయి. షాపతను, "ఇవి దేనికి తాతా, పిచ్చుక గూడు కడతావా?" అన్నాడు. కడతాననుకో అని సంచి మొత్తం మోసుకొచ్చాను. వారం రోజులు నేలమీద కూర్చుని ఏరాను. పెళ్ళి పత్రికల అంచులు, రసీదుల అంచులు, మధ్య మధ్య నీవి. నీవి కాగితం బట్టే గుర్తుపట్టాను, బరువైన కాగితం. ఒక్కో ముక్కా దాని పేజీకి అతికించాను. అతుకు కనపడితే చెయ్యి నరుక్కుంటాను, అంత బాగా వచ్చింది.

నిజమే, చీమంత మనిషి. పుస్తకానికి అయిదు అడుగులు వేస్తాడు. చేతిలో ఏదో చిన్న చుక్క.

ఎనిమిది మొదట చదివాను. ముసలివాడు, మూసిన తలుపు, జేబులో చెయ్యి. మొదట చదివితే వేరేగా ఉందమ్మా. అప్పుడు విశ్రాంతి అనుకున్నాను. ఇప్పుడు అతను ఎందుకు లేచి తలుపు తియ్యడా అనిపించింది. అన్ని తలుపులు తెరిచినవాడని నాకు ఇంకా తెలియదు కదా, వట్టి ముసలివాడు, అంతే.

తర్వాత ఏడు. బల్లకి అటు ఒక ఆఫీసరు, ఇటు ఎర్రకోటు. అతని మాటల బుడగల్లో రాసింది బ్లేడుతో గీకేసినట్టు తెల్లగా ఉంది. బాగా గీకారు. కాగితం చిరక్కుండా అంత మెత్తగా గీకడం కష్టం. గోడవార స్టూలు మీద ఒక పిల్ల ఉంది. ఆ పిల్ల బుడగ ఒక్కటే గీకలేదు, కానీ ఎర్రకోటు మనిషి చెయ్యి దాని మీద పడి ఉంది.

ఈ నాలుగు రోజులు కంటికి కాస్త బాగాలేదు. ఆరో నంబరు నలుపు కదా, కళ్ళు లాగుతాయి. తర్వాత చదువుతాను. ఇక్కడ వానలు. నీ గదిలో కిటికీ ఉందా? రంగుల వాసన పైదాకా వస్తే తలనొప్పి వస్తుంది, తలుపు తీసి పెట్టుకో.

నాన్న

*

మూడో అంతస్తు.

నాన్నగారికి,

కిటికీ ఉంది.

మీరు ఏడు దగ్గర ఆగుతారని తెలుసు. విచారణ జరిగిన ఆ గది మీకు తెలుసు. ఆకుపచ్చ గోడ, కాలు విరిగిన స్టూలు, గోడమీద ఆగిపోయిన గడియారం. ఆ స్టూలు మీద కూర్చున్నప్పుడు నా కాళ్ళు నేలకి అందలేదు. నాకు పన్నెండేళ్ళు.

ఆఫీసరు నన్నడిగాడు, "పాపా, తలుపుకి తాళం ఉందా?" అని. ఉందని చెప్పాను. "తాళంచెవి ఎవరి దగ్గరుంది?" నాన్న జేబులో ఉందని చెప్పాను. మీరు నా భుజం మీద చెయ్యి వేసి నొక్కారు. "చిన్నపిల్ల సార్, అన్న పోయిన భయంలో ఏదో చెప్తోంది" అన్నారు. ఆయన రాసుకున్నాడు. నేను చెప్పింది కొట్టేసి, మీరు చెప్పింది రాసుకున్నాడు. లోపలివాడే గడియ పెట్టుకుని సిగరెట్టు కాల్చుకున్నాడని, నిప్పు అలా అంటుకుందని. అన్నయ్య జన్మలో సిగరెట్టు ముట్టలేదు. అమ్మ పోయేదాకా, "వాడు నా దగ్గర కూడా దాచాడు" అని ఏడ్చింది.

తర్వాత ఆరేళ్ళు ఆ ఇంట్లో నేను అబద్ధాలకోరుని. నోరు తెరిస్తే, "దీనికి కథలెక్కువ" అని మీరే నవ్వుతూ అందరికీ చెప్పేవారు. కథలే గీస్తున్నాను.

ఎనిమిదీ కలిపి ఒకే పుస్తకంగా వేస్తున్నారు. ఎడిటరమ్మకి కట్ట వచ్చే నెలాఖరుకి ఇవ్వాలి. చివరి పేజీలో ఇది కల్పన అని వెయ్యాలా, జరిగినదాని మీద గీశానని వెయ్యాలా అని ఆవిడ అడుగుతోంది. ఇది జరిగిందని నేనొక్కదాన్నే అంటే మళ్ళీ ఆ స్టూలు మీద కూర్చున్నట్టే. నాకు మీ చేతిరాతతో ఒక్క మాట కావాలి. నేను అబద్ధం చెప్పలేదని. పార్సిల్ పంపింది అందుకు. వీరుణ్ణి చెయ్యడానికి కాదు.

మీ అమ్మాయి

*

ఇంటినుంచి.

అమ్మాయికి,

ఉత్తరం అందింది.

ఇరవై ఒక్క ఏళ్ళ కిందటి మాట. పన్నెండేళ్ళ పిల్లకి ఏం తెలుస్తుంది? ప్రెస్సులో ఆ ఉద్యోగం పోతే ఆ ఇల్లు పోయేది. ఓనరు ఇచ్చిన ఇల్లు అది. నీ బడి, మీ అమ్మ మందులు, అన్నీ దానిలోంచే. నీకు మొదటి రంగుపెన్సిళ్ళ పెట్టె తెచ్చింది కూడా ఆ చేతుల్తోనే. నేనూ జైలుకి వెళ్తే మీ ఇద్దరూ ఎక్కడుండేవాళ్ళు? పోయినవాడు ఎలాగూ పోయాడు. వాడి మీద నాలుగు మాటలు రాస్తే వాడికి నొప్పి ఉంటుందా? బతికున్నవాళ్ళని చూసుకోవద్దా?

ఈ ఎర్రకోట్లూ గాలిలో ఎగరడాలూ నాకు రావు. నేను కూలివాణ్ణి. కూలివాడు ఏం చెయ్యగలడో అది చేశాను.

ముసలివాణ్ణి ఊరంతటి ముందూ నిలబెట్టాలని ఉంటే నీ ఇష్టం. నా చేతిరాత అడగకు. పుస్తకాలు వెనక్కి పంపమంటే పంపుతాను.

నాన్న

*

మూడో అంతస్తు.

నాన్నగారికి,

పుస్తకాలు ఉంచుకోండి.

ఒకటో నంబరు చివర ఆరు గడులు ప్రెస్సు పొరపాటు కాదు. మీకు వదిలాను. నింపకపోతే అలాగే ఖాళీగా అచ్చవుతాయి. చదివేవాళ్ళు అదొక ప్రయోగం అనుకుంటారు.

ఇంకేమీ అడగను.

*

వెనక గది. మధ్యాహ్నం, వెలుగు బాగున్నప్పుడు.

మా సిరాబుడ్డికి,

నీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులైంది. పోయిన ఉత్తరం నేను రాయలేదనుకో. రాసింది నేనే, అయినా అనుకో.

అది పోస్టు చేసి వచ్చిన రోజు దర్జీ అడిగాడు, "ఆరో నంబరు చదివావా?" అని. లేదన్నాను. "మరి దానికి జవాబెలా రాశావు?" అన్నాడు. వాడు బట్టలు కుట్టేవాడు, నేను పుస్తకాలు కుట్టేవాణ్ణి. వాడికి తెలిసింది నాకు తెలియలేదు. ఆ మర్నాడు కూర్చున్నాను. ఆరు, అయిదు, నాలుగు. రోజుకి ఒకటే.

నాలుగులో తాళంకప్ప చిల్లు ఉంది కదా. ఒకటి నుంచి చదివినప్పుడు దాన్లోంచి వెలుగొక్కటే చూశాను. ఎనిమిది నుంచి వచ్చి, జేబులో చెయ్యి గుర్తుండి చూస్తే, ఆ వెలుగు పక్కనే కనపడింది అతని జేబు. జేబులో తాళంచెవి. అతనికి ఏ శక్తీ లేదమ్మా. మొదటినుంచీ తాళంచెవే. మూడులో ఊళ్ళో అన్ని తలుపులూ అదే పనిగా తెరుస్తాడు, తెరవాల్సిన ఒక్కటి తప్ప. ఆ రాత్రి అన్నం తినలేదు. ఒకటో నంబరుకి వచ్చేసరికి తలుపు తెరుచుకుంటుంది, అన్నయ్య బయటికొస్తాడు. మొదట చదివితే అది కథకి ఆరంభం. చివర చదివితే అది జరగనిది. అంతే కదా నువ్వు చెప్పింది?

ఆరు గడులు. నాకు బొమ్మలు రావు. మాటల్తో నింపుతాను.

మొదటి గడి. ప్రెస్సులో పరీక్ష పేపర్లు అచ్చయ్యే వారం. అప్పుడు బైండింగు గదికి బయట తాళం వెయ్యడం రివాజు. లోపల కట్టలు కట్టి, లక్క కరిగించి ముద్రలు వేస్తారు. ఒక్క కాగితం బయటికి పోకూడదని ఆ తాళం. తాళంచెవి ఫోర్‌మెన్ దగ్గర, అంటే నా దగ్గర. ఓనరు వచ్చి పుస్తకంలో సంతకం పెడితేనే తియ్యాలి. మిగతావాళ్ళు భోజనానికి వెళ్ళారు, ఒక్కొక్కళ్ళనీ తడిమి పంపాం. నాలుగు కట్టలకి ముద్రలు మిగిలాయి. అన్నయ్య, "నేను చేసేస్తాలే నాన్నా, తర్వాత తింటా" అన్నాడు. తాళం నేనే వేశాను.

రెండో గడి. ఎదురుగా టీ కొట్టు బల్ల. నువ్వు అన్నయ్యకి అన్నం డబ్బా తెచ్చి నా పక్కన నిలబడ్డావు. తాళం తియ్యకూడదు, ఇక్కడే ఆగు అన్నాను. జేబులోంచి తాళంచెవి తీసి నీకు చూపించాను కూడా, ఎంత పెద్ద బాధ్యతో చూడు అని. అందుకే నీకు తెలుసు.

మూడో గడి. కిటికీ కమ్మీల్లోంచి పొగ. లక్క పొయ్యి బోర్లాపడి ఉంటుంది.

నాలుగో గడి. ఇది ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. నేను లేచాను. తలుపు వైపు పోలేదు. ఓనరు ఇంటికి పరిగెత్తాను. తాళంచెవి నా చేతిలోనే ఉంది. ఓనరు రాకుండా తియ్యకూడదు, పేపర్లు బయటపడితే మాటొస్తుంది. నా బుర్రలో అదొక్కటే. నా కొడుకు లోపలున్నాడని తెలియక కాదు. తెలిసే పరిగెత్తాను. ఓనరుతో తిరిగి వచ్చేసరికి తలుపంతా మంటలు. ఏ పనీ ఎవరో ఒకళ్ళని అడగకుండా చెయ్యనివాడి కాళ్ళు అటే వెళ్తాయి. ఇది సాకు కాదు. అలా వెళ్ళాయి అని చెప్తున్నాను.

అయిదో గడి. ఆకుపచ్చ గోడ గది. నా కూతురు నిజం చెప్పింది. నేను దాని భుజం నొక్కాను. నా కూతురు అబద్ధం చెప్పలేదు. నా కూతురు అబద్ధం చెప్పలేదు. రెండుసార్లు రాశాను, ఒకటి నీ పుస్తకానికి, ఒకటి నాకు.

ఆరో గడిలో ఏం పెట్టాలో తెలియలేదు. వదిలేశాను.

ఇదంతా ఇంకో కాగితం మీద రాసి, విచారణ జరిపిన ఆఫీసుకి తీసుకెళ్ళి ఇచ్చాను. అక్కడి గుమస్తా, "ఇరవై ఏళ్ళ ఫైలు తాతా, ఎలకలు కూడా చదవడం మానేశాయి" అన్నాడు. ఎలకలకి కాదయ్యా, ముద్ర వేసి ఇవ్వు, నా కూతురికి పంపాలి అన్నాను. మూడు రోజులు తిప్పించుకున్నాడు. వేశాడు. కాపీ ఇందులో పెట్టాను. ఓనరు పోయాడు కాబట్టి ధైర్యం వచ్చిందనుకుంటావేమో. అనుకో. కొంత నిజమే.

అక్కడినుంచి ప్రెస్సు ఉన్న చోటికి వెళ్ళాను. ఇప్పుడు టైర్ల షాపు. టీ కొట్టు చోట సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. ఆ బల్ల ఉండే చోటు నుంచి తలుపు ఉన్న చోటికి నడిచాను. ముప్ఫై ఎనిమిది అడుగులు. వెనక్కి వచ్చి అక్కడినుంచే ఓనరు ఇంటి దాకా నడిచాను. రెండువందల పన్నెండు. టైర్ల షాపతను, "ఏం పారేసుకున్నావు పెద్దాయనా?" అన్నాడు. అడుగులు లెక్కపెట్టుకుంటున్నానయ్యా అన్నాను.

నువ్వు అంచుల మీద గీసింది నలభై. పుస్తకానికి అయిదు, ఎనిమిది పుస్తకాలు. ఎనిమిది నుంచి ఒకటికి వరసగా పెడితే ఆ చీమంత మనిషి, చేతిలో తాళంచెవితో, తలుపు దాకా వచ్చేస్తాడు. నేను వెయ్యని అడుగులు నువ్వు నాతో వేయించావు. నేనేమో నంబరు సర్దడానికి దాన్ని వెనక్కి తిప్పి, కోసి, గోనెసంచిలో పారేశాను. చాలామటుకు సరిగ్గానే లెక్కపెట్టావు తల్లీ, రెండే తేడా.

పుస్తకం మళ్ళీ కుట్టాను. ఎనిమిది ముందు. అంచులు కొయ్యలేదు, ఎగుడుదిగుడుగానే ఉంచాను. తాళంచెవి ఇన్నాళ్ళూ నా పనిముట్ల పెట్టెలో అడుగున ఉంది. దాన్నీ పంపుతున్నాను.

సిగ్గులేకుండా ఇంకో మాట. నా కూతురు నాకు ఉత్తరాలు రాస్తోంది. తిట్టడానికే రాసినా సరే, ఆ సంతోషం నాకు పోవడంలేదు.

నాన్న

*

మూడో అంతస్తు. కిటికీ దగ్గర.

నాన్నా,

నీ ఉత్తరం, ముద్ర కాగితం, తాళంచెవి అందాయి. చివరి పేజీలో నువ్వు రాసిన అయిదు గడులూ నీ చేతిరాతలోనే అచ్చువేస్తున్నారు. ఎడిటరమ్మ అక్షరం కూడా దిద్దలేదు.

ఒక్కటి నువ్వు తప్పు చదివావు. అది నీ తప్పు కాదు, నేను చీమంత గీశాను. పేజీ అడుగున నడిచేది నువ్వు కాదు నాన్నా. నేను. చేతిలో ఉన్నది తాళంచెవి కాదు, అన్నం డబ్బా. నువ్వు ఓనరు ఇంటివైపు పరిగెత్తావు. నేను తలుపు వైపు పరిగెత్తాను. నావి చిన్న కాళ్ళు, నలభై పట్టాయి.

ఆరో గడి నా దగ్గరుంది. అది నీకు చెప్పకూడదనే ఇన్నాళ్ళూ రాయలేదు. ఆ ఇంట్లో ఉంటే ఏదో ఒక పూట కోపంలో అనేస్తానని భయపడే పద్దెనిమిదో ఏట వెళ్ళిపోయాను. నువ్వు అబద్ధంలో ఉన్నంతకాలం అది చెప్తే నిన్ను కొట్టినట్టే. ఇప్పుడు నువ్వు నిజంలోకి వచ్చావు. నిన్ను ఇక్కడ ఒంటరిగా ఉంచలేను, ఈ గడి కూడా నీదే. చదవాలనిపించినప్పుడే కింది ముక్క చదువు. దర్జీని పక్కన కూర్చోబెట్టుకో.

డబ్బాతో తలుపు మీద కొట్టాను. లోపలినుంచి అన్నయ్య, "ఎవరూ?" అన్నాడు. "నేను" అన్నాను.

"నాన్న బయటే ఉన్నాడా?"

"ఉన్నాడు."

దగ్గాడు. తర్వాత మామూలుగా, బల్ల దగ్గర కూర్చుని అన్నట్టు అన్నాడు. "అయితే పక్కకి జరుగు, పొగ పీలుస్తావు. తాళం నాన్న దగ్గరుంది. వచ్చేస్తాడు."

నేను పక్కకి జరిగాను.

సిరాబుడ్డి